కంపెనీ పెడితే వీసా దానంతట అదే వస్తుందా?

ప్రశ్న: గోదాముల్లో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. 8 ఏళ్లుగా నడుస్తున్న కంపెనీ, 14 మంది ఉద్యోగులు. నాకు 60 శాతం, తమ్ముడికి 40 శాతం వాటా. అమెరికాలో ఇద్దరు, బ్రిటన్‌లో ఒకరు కస్టమర్లు ఉన్నారు. ‘మీ ఆఫీసు ఇక్కడ ఉంటే ఇంకా పని ఇస్తాం’ అని ముగ్గురూ అంటున్నారు. నాకు 44 ఏళ్లు. కుటుంబంతో వెళ్లి అక్కడే స్థిరపడాలని ఉంది. మా ఆవిడ ఫార్మసిస్టు, అమ్మాయికి 17 నిండాయి. ఒక కన్సల్టెంట్‌ను కలిస్తే మూడు దార్లు చెప్పాడు: ఎస్టోనియా ఈ-రెసిడెన్సీ తీసుకుని ఆన్‌లైన్‌లో కంపెనీ పెట్టడం, కెనడా స్టార్టప్ వీసా, అమెరికా ఈ-2 వీసా. ‘ముందు కంపెనీ రిజిస్టర్ చేసి బిల్లులు వేయడం మొదలుపెట్టండి, డైరెక్టర్‌కి వీసా దానంతట అదే వస్తుంది, గ్యారంటీ నాది’ అంటున్నాడు. సగం డబ్బు ముందే కట్టమంటున్నాడు. కట్టాలా? పోనీ విజిటర్ వీసా మీద వెళ్లి పని మొదలుపెట్టేస్తే తప్పా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు

సమాధానం:

కట్టకండి. కనీసం ఈ జవాబు చివరిదాకా చదివేవరకైనా ఆగండి.

కంపెనీ రిజిస్టర్ చేసే ఆఫీసు వేరు, వీసా ఇచ్చే ఆఫీసు వేరు. మొదటిదానికి మీరు ఎక్కడ ఉన్నారన్నదాంతో పెద్దగా పని లేదు. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో గానీ, బ్రిటన్ కంపెనీస్ హౌస్‌లో గానీ, ఆ దేశంలో ఎప్పుడూ అడుగుపెట్టనివాళ్లు కూడా కంపెనీ పెట్టుకోవచ్చు. వాటాదారుగా ఉండొచ్చు, లాభం తీసుకోవచ్చు. అక్కడికి వెళ్లి కుర్చీలో కూర్చుని పనిచేసే హక్కు మాత్రం ఆ రిజిస్ట్రేషన్ కాగితం ఇవ్వదు. ఎస్టోనియా ఈ-రెసిడెన్సీ ఇందుకు మంచి ఉదాహరణ. 2014 డిసెంబర్‌లో మొదలైన ఆ పథకం కింద మీకొచ్చేది ఒక డిజిటల్ గుర్తింపు కార్డు. దాంతో ఇంట్లో కూర్చునే కంపెనీ పెట్టొచ్చు, సంతకాలు చేయొచ్చు. అది వీసా కాదు, నివాస అనుమతి కాదు, ఎస్టోనియాలోకి అడుగుపెట్టడానికి కూడా పనికిరాదు. ఈ మాట ఆ దేశ ప్రభుత్వమే చెబుతుంది. యూరప్ కస్టమర్లతో ఆన్‌లైన్‌లో వ్యాపారం చేసేవాళ్లకి చక్కటి ఏర్పాటే, కానీ మీరు అడిగింది అది కాదు. పైగా మీకు యూరోపియన్ యూనియన్‌లో ఒక్క కస్టమర్ కూడా లేడు.

మిగతా రెండు దార్లూ చూద్దాం. ఈ-2 అంటే అమెరికాలో పెట్టుబడి పెట్టి సొంత వ్యాపారం నడిపేవాళ్లకిచ్చే వీసా. దానికి డబ్బు కంటే ముందు చూసేది పాస్‌పోర్టు. అమెరికాతో తగిన వాణిజ్య ఒప్పందం ఉన్న దేశాల పౌరులకే అది దొరుకుతుంది. భారత్, చైనా, రష్యా, బ్రెజిల్ ఆ జాబితాలో లేవు. మీ పాస్‌పోర్టు వీటిలో ఒకటైతే ఎంత పెట్టుబడి పెట్టినా ఉపయోగం లేదు. ‘అమెరికాతో ఒప్పందం ఉన్న గ్రెనడా అనే కరీబియన్ దేశపు పాస్‌పోర్టు కొనుక్కుని దాంతో ఈ-2 తీసుకోవచ్చు’ అని తర్వాతి మెట్టుగా చెబుతారేమో, దానికీ 2022 డిసెంబర్ నాటి చట్టం అడ్డుకట్ట వేసింది. పెట్టుబడితో పౌరసత్వం తెచ్చుకున్నవాళ్లు ఆ దేశంలో కనీసం 3 ఏళ్లు వరుసగా స్థిర నివాసం ఉండి తీరాలి. ఇక కెనడా స్టార్టప్ వీసా. ప్రభుత్వం గుర్తించిన ఇన్వెస్టర్ గానీ ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలకి చేయూతనిచ్చే సంస్థ) గానీ మద్దతు లేఖ ఇస్తే నేరుగా శాశ్వత నివాసం ఇచ్చే పథకమది. 2013లో మొదలైంది. దరఖాస్తులు గుట్టలుగా పేరుకుపోవడంతో 2024 ఏప్రిల్ 30 నుంచి ఒక్కో సంస్థ ఏడాదికి 10 స్టార్టప్‌లకే మద్దతు ఇవ్వాలని పరిమితి పెట్టారు. 2025 ముగిసేసరికి కొత్త దరఖాస్తులు తీసుకోవడమే ఆపేశారు, అప్పటికే 2025 మద్దతు లేఖ చేతిలో ఉన్నవాళ్లకి తప్ప. దాని స్థానంలో కొత్త పైలట్ పథకం తెస్తామని అక్కడి ప్రభుత్వం చెప్పింది. దాని నిబంధనలు అక్షరాలా చూడకుండా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి.

అంటే మీ కన్సల్టెంట్ చూపించిన మూడింటిలో ఒకటి వీసా కాదు, ఒకటి తలుపు మూసేశారు, మూడోది పాస్‌పోర్టును బట్టి అసలు వర్తించకపోవచ్చు. అతను అబద్ధం చెప్పాడని అనను. బహుశా తన దగ్గర తయారుగా ఉన్న ప్యాకేజీలు చూపించాడు.

అసలు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఏ దేశం వీసా సులువు’ అన్నది కాదు. వెళ్తున్నది మీరా, మీ కంపెనీనా? కొత్త ఆలోచనతో కొత్తగా మొదలుపెట్టే వ్యక్తికి ఒక రకం వీసాలు. ఇప్పటికే నడుస్తున్న కంపెనీ ఇంకో దేశంలో శాఖ తెరిచి తన మనిషిని పంపితే ఇంకో రకం. పెద్ద మొత్తం పెట్టుబడి పెట్టి నివాసం తీసుకునేవాళ్లకి మూడో రకం. మీ ఉత్తరం చదివితే మీరు స్పష్టంగా రెండో రకం. 8 ఏళ్ల లెక్కలు, 14 మంది పేరోల్, అక్కడ ముగ్గురు కస్టమర్లు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ప్లాన్‌లో రాసుకునేవన్నీ మీ దగ్గర రికార్డుగా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, మళ్లీ సున్నా నుంచి ‘నా ఐడియా చూడండి’ అని నిలబడటం నాకు అర్థం కాని పని.

అమెరికాలో ఈ రెండో రకానికి ఉన్న దారి ఎల్-1. మీ విషయంలో ఎల్-1ఏ, అంటే మేనేజర్‌కో ఎగ్జిక్యూటివ్‌కో ఇచ్చేది. వెళ్లబోయే వ్యక్తి గత 3 ఏళ్లలో కనీసం ఏడాది పాటు ఆగకుండా అమెరికా బయట ఉన్న కంపెనీలో పనిచేసి ఉండాలి. అది మీకు ఉంది. అక్కడి కంపెనీకి, ఇక్కడి కంపెనీకి యాజమాన్య సంబంధం ఉండాలి. ఇది మీ చేతిలోనే ఉంది, చెడగొట్టుకునేదీ ఇక్కడే. కొత్త అమెరికా కంపెనీ షేర్లు మీ పాత కంపెనీ పేరు మీదే ఉంచండి. తల్లి కంపెనీ, పిల్ల కంపెనీ. చూపించడం సులువు, వాదించాల్సిన పని ఉండదు. అలా కాకుండా అక్కడో స్నేహితుడికి సగం, ఇక్కడో బంధువుకి కొంత అని పంచితే ఎవరి అదుపులో ఎవరున్నారో నిరూపించడమే పెద్ద పని అవుతుంది. ఇంకో మాట. మీరు అక్కడ ఎల్-1 మీద ఉన్నంతకాలం బయట ఉన్న కంపెనీ నిజంగా వ్యాపారం చేస్తూ ఉండాలి. ‘నేను వెళ్లిపోయాక దీన్ని మూసేసి అందరినీ అక్కడికే తీసుకెళ్తా’ అనుకుంటే ఆ రోజుతో మీ హోదాకి ఆధారం పోతుంది. మీ 60 శాతం తమ్ముడికి అమ్మేసి, అమెరికా కంపెనీ మీ పేరు మీద పెట్టుకున్నా అంతే, బంధం తెగినట్టే. కాబట్టి మీ తమ్ముడు ఇందులో సహాయకుడు కాదు, సగం బరువు ఆయనదే. ఆయన ఒప్పుకుని, ఇక్కడి రోజువారీ నడక పూర్తిగా తన చేతుల్లోకి తీసుకున్నాకే మిగతా మాటలు.

కొత్త ఆఫీసుకి ఎల్-1 ఇచ్చేటప్పుడు మొదట ఒక్క ఏడాదే ఇస్తారు. దరఖాస్తు నాటికే ఆఫీసు స్థలం తీసుకుని ఉండాలి. ఆ ఏడాది పూర్తయ్యాక ఎక్స్‌టెన్షన్ అడిగేటప్పుడు అసలు పరీక్ష. వ్యాపారం క్రమం తప్పకుండా సాగుతోందా, మనుషుల్ని పెట్టారా, మీరు నిజంగా మేనేజర్ పనే చేస్తున్నారా అని చూస్తారు. పేరుకు ఒక ఆఫీసు, ఒక ఏజెంటు ఉంటే సరిపోదు.

ఈ చివరి ప్రశ్న దగ్గరే చిన్న కంపెనీల యజమానులు చిక్కుకుంటారు. పిటిషన్‌తో పాటు ఒక ఆర్గనైజేషన్ చార్ట్ పెడతారు. పైన గడిలో మీ పేరు, కింద నాలుగు గడులు: సేల్స్, సపోర్ట్, డెవలప్‌మెంట్, అకౌంట్స్. చూడటానికి బాగానే ఉంటుంది. ఆ నాలుగు గడుల్లో రెండింట్లో ‘త్వరలో నియామకం’ అని ఉండి, ఇన్‌వాయిస్‌ల మీద మీ సంతకం, కస్టమర్ సపోర్ట్ ఈ-మెయిళ్లలో మీ పేరు, డెమో ఇచ్చింది మీరే అయితే, ఆఫీసర్ అడిగేది ఒక్కటే: ‘ఈయన మేనేజర్ అయితే పని చేస్తున్నదెవరు?’ చిన్న కంపెనీలో యజమాని అన్నీ తానే చేయడం సహజం. మనం దాన్ని గొప్పగా చెప్పుకుంటాం కూడా. ఎల్-1ఏ ఫైలులో మాత్రం అదే మైనస్. కాబట్టి మొదటి 12 నెలల్లో అక్కడ ఎవరిని, ఏ నెలలో, ఎంత జీతానికి పెట్టుకుంటారో ఇప్పుడే రాసుకోండి. ఆ ఇద్దరు అమెరికా కస్టమర్ల నుంచి వచ్చే పని ఆ జీతాలకి సరిపోతుందా? ‘ఇంకా పని ఇస్తాం’ అన్నమాట నోటి మాటగా ఉందా, కాగితం మీద ఉందా? ఉద్దేశపత్రం అయినా సరే, వాళ్ల లెటర్‌హెడ్ మీద సంతకంతో తెచ్చుకోండి. కన్సల్టెంట్ రాసే 40 పేజీల బిజినెస్ ప్లాన్ కంటే ఆ ఒక్క పేజీకి విలువ ఎక్కువ. ప్లాన్లంటే గుర్తొచ్చింది, ఒకాయన దాఖలు చేయబోతున్న ప్లాన్ చూస్తే మధ్యలో ఇంకెవరిదో రెస్టారెంట్ పేరు ఉంది. ఆయనదేమో ప్యాకింగ్ యంత్రాల వ్యాపారం. కాపీ చేసినవాళ్లు పేరు మార్చడం మర్చిపోయారు. సంతకం పెట్టే ముందు ప్రతి పేజీ మీరే చదవండి.

ఎల్-1ఏ మీద మొత్తం 7 ఏళ్ల వరకు ఉండొచ్చు. యజమానే వెళ్తున్నప్పుడు, ఈ పంపడం తాత్కాలికమేనని, పని అయ్యాక మళ్లీ బయటి కంపెనీకి పంపుతామని ఆధారం కూడా అడుగుతారు. అలాగని గ్రీన్ కార్డుకి ప్రయత్నించకూడదని కాదు. అక్కడి కంపెనీ కనీసం ఏడాది వ్యాపారం చేశాక, మల్టీనేషనల్ మేనేజర్ల కోసం ఉన్న ఈబీ-1సీ కింద దరఖాస్తు పెట్టొచ్చు. కాకపోతే క్యూ మీరు పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకీ మొత్తంలో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల భారత్, చైనాలలో పుట్టినవాళ్లు ఎక్కువ కాలం ఆగాల్సి వస్తోంది. పాస్‌పోర్టు మార్చుకున్నా పుట్టిన దేశం మారదు.

బ్రిటన్‌కి వద్దాం. ఇక్కడ మీ కన్సల్టెంట్ సలహా నేరుగా మీకు నష్టం చేసేది. అక్కడ మీలాంటివాళ్ల కోసం ఉన్నది యూకే ఎక్స్‌పాన్షన్ వర్కర్ వీసా. పాతకాలపు ‘సోల్ రిప్రజెంటేటివ్’ వీసాను తీసేసి 2022 ఏప్రిల్‌లో తెచ్చారు. బయటి దేశంలో ఇప్పటికే నడుస్తున్న కంపెనీ, బ్రిటన్‌లో ఇంకా వ్యాపారం మొదలుపెట్టకుండా ఉండి, మొదటి శాఖ తెరవడానికి తన సీనియర్ ఉద్యోగులను పంపేందుకు ఇచ్చేదది. గరిష్ఠంగా ఐదుగురు. షరతు గమనించారా? అక్కడ కంపెనీ రిజిస్టర్ చేసుకోవచ్చు, ఆఫీసు స్థలం చూసుకోవచ్చు. కానీ ఆ బ్రిటన్ కంపెనీ పేరు మీద బిల్లులు వేస్తూ వ్యాపారం మొదలుపెట్టేస్తే ఈ దారి మూసుకుపోతుంది. ‘ముందు బిల్లులు వేయండి, వీసా తర్వాత’ అన్న మాట విని ఉంటే మీకున్న మంచి దారుల్లో ఒకదాన్ని మీ చేత్తోనే మూసేసుకునేవారు. బ్రిటన్ కస్టమర్‌కి ప్రస్తుతానికి మీ పాత కంపెనీ నుంచే బిల్లు పంపండి.

ఈ వీసాకి పరిమితులు గట్టివే. విదేశీ ఉద్యోగులను పెట్టుకునేందుకు కంపెనీకి ప్రభుత్వం ఇచ్చే స్పాన్సర్ లైసెన్స్ తీసుకోవాలి, నిర్ణయించిన స్థాయి జీతం చూపాలి, 2 ఏళ్లకు మించి ఉండనివ్వరు, ఆ కాలం శాశ్వత నివాసానికి లెక్కలోకి రాదు. ఆ 2 ఏళ్లలో శాఖ నిలబడితే, అదే కంపెనీ పూర్తిస్థాయి స్పాన్సర్‌గా మారి, మీరు స్కిల్డ్ వర్కర్ వీసాలోకి మారొచ్చు. శాశ్వత నివాసపు గడియారం అక్కడి నుంచి మొదలవుతుంది. స్కిల్డ్ వర్కర్‌కి 2025 జూలై 22 నుంచి సాధారణ జీతం పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు. ‘సెల్ఫ్ స్పాన్సర్‌షిప్’ పేరుతో అమ్ముతున్న ప్యాకేజీలు ఈ స్కిల్డ్ వర్కర్ వీసావే. ఆ పేరుతో వీసా ఏదీ లేదు. మీ సొంత కంపెనీ మీకే ఉద్యోగం ఇస్తుందన్నమాట. చట్టవిరుద్ధం కాదు. కానీ ఆ ఉద్యోగం నిజమైనదేనా అని అక్కడ వీసాలు చూసే హోమ్ ఆఫీసు అడుగుతుంది, జీతం పేరోల్‌లో నెలనెలా కనబడాలి. 3 లేదా 5 ఏళ్లలో స్థిరపడిపోవచ్చని ఎవరైనా చెబితే ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి: చాలా వీసాలకి ఆ గడువును 5 నుంచి 10 ఏళ్లకు పెంచే ప్రతిపాదనను బ్రిటన్ ప్రభుత్వం 2025లో ముందుకు తెచ్చింది.

కొత్త ఆలోచనతో వ్యాపారం పెట్టేవాళ్లకి బ్రిటన్ ఇచ్చే ఇన్నొవేటర్ ఫౌండర్ వీసా గురించి కూడా మీ చెవిన పడే ఉంటుంది. 2023 ఏప్రిల్ 13న వచ్చింది, అంతకుముందున్న 50,000 పౌండ్ల కనీస పెట్టుబడి నిబంధన ఎత్తేశారు. దాంతో అందరూ దాని మీద పడ్డారు. డబ్బు షరతు పోయింది కానీ అసలు షరతు పోలేదు. ప్రభుత్వం అనుమతించిన ఎండార్సింగ్ సంస్థ ఒకటి మీ ఆలోచన కొత్తదని, నిలబడేదని, పెరిగేదని ఒప్పుకోవాలి. ఆ పరిశీలనకి 1,000 పౌండ్లు, తర్వాత రెండు సమీక్షలకి 500 చొప్పున కట్టాలి. మీ సాఫ్ట్‌వేర్ 8 ఏళ్లుగా అమ్ముతున్నది. మార్కెట్లో లేని కొత్తదనం ఏముందని అడిగితే మీరేం చెబుతారు? సమాధానం మీ దగ్గర ఉంటే వెళ్లండి. లేకపోతే దాని కోసం ‘ఏఐ’ అనే మాట తగిలించి ప్లాన్ రాయించుకోకండి. అక్కడ కూర్చున్నవాళ్లు రోజూ అవే చదువుతుంటారు.

మిగతా దేశాల మాట క్లుప్తంగా. జర్మనీలో నివాస చట్టం 21వ సెక్షన్ కింద స్వయం ఉపాధి అనుమతి ఇస్తారు. కనీస పెట్టుబడి అంకె లేదు, స్థానిక అవసరం, నిధుల ఏర్పాటు చూస్తారు. అయితే 45 ఏళ్లు దాటినవాళ్లు వృద్ధాప్యానికి సరిపడా ఏర్పాటు ఉందని చూపించాలి. మీకు 44, గమనించండి. సింగపూర్ ఎంట్రేపాస్ ఇన్వెస్టర్ల మద్దతో, సొంత టెక్నాలజీయో ఉన్న కొత్త కంపెనీల కోసం. యూఏఈ సులువు, వేగం కూడా. 2021 నుంచి చాలా రంగాల్లో వందశాతం విదేశీ యాజమాన్యం అనుమతించారు. కానీ మామూలు నివాసం లైసెన్స్‌తో ముడిపడి ఉంటుంది, లైసెన్స్ ఆగితే వీసా ఆగుతుంది. ‘అక్కడే స్థిరపడాలి’ అన్న మీ మాటకి పౌరసత్వం దాకా వెళ్లే సాధారణ మార్గం అక్కడ లేదు. కస్టమర్ ఒక్కరు కూడా లేని దేశానికి వీసా సులువని వెళ్లడం వ్యాపారి చేసే పని కాదని నా అభిప్రాయం.

మూడో రకం, అంటే పెట్టుబడి వీసాల జోలికి మీరు వెళ్లనవసరం లేదు. అమెరికా ఈబీ-5కి కనీసం 8 లక్షల డాలర్లు కావాలి, అదీ ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతాల్లో పెడితేనే. లేకపోతే 10.5 లక్షల డాలర్లు. దాంతోపాటు 10 పూర్తిస్థాయి ఉద్యోగాలు పుట్టించాలి, ప్రతి డాలరూ ఎక్కడినుంచి వచ్చిందో చూపించాలి. ఈ తరహా పథకాలు ఎంత తొందరగా మూతపడతాయో కూడా చూడండి: బ్రిటన్ తన ఇన్వెస్టర్ వీసాను 2022 ఫిబ్రవరిలో, ఐర్లాండ్ 2023 ఫిబ్రవరిలో, స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో ఆపేశాయి. జపాన్ బిజినెస్ మేనేజర్ వీసాకి 50 లక్షల యెన్‌లుగా ఉన్న మూలధనం పరిమితిని 2025 అక్టోబర్‌లో ఒకేసారి 3 కోట్ల యెన్‌లకు పెంచారు. పథకం పేరు చూసి కాదు, దరఖాస్తు పెట్టేరోజు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఏముందో చూసి అడుగేయాలి.

ఇప్పుడు మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో తేల్చేసిన విషయం: అమ్మాయి. నన్నడిగితే మీ ప్లాన్‌లో అన్నిటికంటే తొందరపెట్టేది అదే. బ్రిటన్‌కి డిపెండెంట్‌గా మొదటిసారి దరఖాస్తు చేసే పిల్లలకి 18 నిండకూడదు. అంటే మీకున్నది నెలలు మాత్రమే. స్పాన్సర్ లైసెన్స్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి కాబట్టి ఆ గడువు అందుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. అమెరికాలో ఎల్-2 (ఎల్-1 వ్యక్తి భార్యాపిల్లలకిచ్చే వీసా) మీద 21 వచ్చేదాకా ఉండొచ్చు. ఆలోపు గ్రీన్ కార్డు రాకపోతే తను స్టూడెంట్ వీసాకో, వేరే దానికో మారాలి. ఏజెన్సీ ఆలస్యం వల్ల పోయిన కాలాన్ని కొంత వయసులోంచి తీసేసే చట్టం ఉంది కానీ, క్యూ పొడవుగా ఉన్న దేశాల్లో పుట్టినవాళ్లకి అది ప్రతిసారీ చాలదు. అందుకే అమ్మాయి చదువు ప్లాన్‌ని మీ వీసాకి ముడిపెట్టకండి. తనకంటూ ఒక సొంత దారి పక్కన ఉండనివ్వండి. తనతో కూర్చుని మాట్లాడండి కూడా, 17 ఏళ్ల పిల్లకి తన అభిప్రాయం ఒకటి ఉంటుంది.

మీ ఆవిడ విషయంలో పని చేసే అనుమతి సమస్య కాదు. ఎల్-1 వ్యక్తి భార్యకి 2021 నవంబర్ నుంచి ఎల్-2 హోదాతోనే ఉద్యోగ హక్కు ఉంది. బ్రిటన్‌లోనూ డిపెండెంట్ భార్య పని చేసుకోవచ్చు. సమస్య వృత్తి లైసెన్స్. బయట చదివిన ఫార్మసిస్టు బ్రిటన్‌లో సాధారణంగా ఓస్పాప్ అనే ఏడాది కోర్సు, ఆపైన ఏడాది శిక్షణ, రిజిస్ట్రేషన్ పరీక్ష పూర్తిచేయాలి. అమెరికాలో ముందు విదేశీ డిగ్రీ సమానత్వ పరీక్ష, తర్వాత రాష్ట్రాల వారీ లైసెన్స్. 4 ఏళ్ల డిగ్రీ అయితే అక్కడ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయే అవకాశం ఉంది. తొలి రెండేళ్లు ఇంటి ఖర్చు మీ ఒక్కరి జీతం మీదే నడుస్తుందని లెక్క వేసుకోండి.

పన్ను సంగతి మీ ఆడిటర్‌తో వెళ్లకముందే మాట్లాడాలి, వెళ్లాక కాదు. కంపెనీ ఎక్కడ రిజిస్టర్ అయిందన్నదే కాదు, నిర్ణయాలు ఎక్కడ కూర్చుని తీసుకుంటున్నారన్నది కూడా చాలా దేశాలు చూస్తాయి. మీరు అక్కడ కూర్చుని పాత కంపెనీని కూడా ఫోన్ మీద నడిపిస్తుంటే, ఆ కంపెనీ కూడా తమ పన్ను పరిధిలోకే వచ్చిందని ఆ దేశం అనవచ్చు. తమ్ముడికి నిజమైన అధికారం ఇవ్వమన్నది ఇందుకోసం కూడా. రెండు కంపెనీల మధ్య బిల్లులు బయటివాళ్లకి వేసే ధరల్లాగే ఉండాలి. అమెరికా గ్రీన్ కార్డు తీసుకుంటే ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అక్కడ లెక్క చెప్పాలి, పాత కంపెనీలో మీ 60 శాతంతో సహా.

కన్సల్టెంట్‌ని ఒకటే అడగండి: ‘మీరు ఏ సంస్థలో నమోదయ్యారు, నంబర్ ఎంత?’ బ్రిటన్‌లో ఉండి వీసా సలహా ఇచ్చేవాళ్లు సొలిసిటర్ లాంటి అక్కడి లాయర్ అయినా అయ్యుండాలి, లేదా ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదై ఉండాలి. కెనడాకి లాయర్ గానీ అక్కడి కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ లైసెన్స్ ఉన్నవాళ్లు గానీ. అమెరికాకి అక్కడి బార్ లైసెన్స్ ఉన్న అటార్నీ. ఇవన్నీ ఆన్‌లైన్ జాబితాల్లో పేరు కొట్టి చూసుకోవచ్చు. ‘గ్యారంటీ’ అన్న మాట నిజమైన లాయర్ నోట రాదు. దరఖాస్తులో తప్పుడు సమాచారం దొరికితే బ్రిటన్ 10 ఏళ్లు, కెనడా 5 ఏళ్లు నిషేధించవచ్చు, అమెరికాలో అది జీవితాంతం వెంటాడుతుంది. ఆ శిక్ష పడేది సంతకం పెట్టిన మీకు, రాసిచ్చిన వాడికి కాదు.

మీ స్థానంలో నేనుంటే అమెరికా ఎల్-1ఏ వైపే మొగ్గేవాణ్ని, కస్టమర్లు ఇద్దరు అక్కడే ఉన్నారు కాబట్టి. ఒకే షరతు: మొదటి ఏడాదిలో ముగ్గురు నలుగురికి జీతాలిచ్చేంత పని సంతకంతో చేతికి రావాలి. అది రాకపోతే, అమ్మాయి స్టూడెంట్ వీసాని వేరుగా చూసుకుని బ్రిటన్‌లో 2 ఏళ్ల ఎక్స్‌పాన్షన్‌తో పరీక్షించుకోవచ్చు. ఏదైనా ఆ దేశపు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట సంప్రదింపుకి ఫీజు కట్టి, పై ప్రశ్నలన్నీ అడగండి. కన్సల్టెంట్ అడిగిన అడ్వాన్స్‌లో అది చిన్న భాగమే అవుతుంది.

ఇక విజిటర్ వీసా మీద వెళ్లి పని మొదలుపెట్టడం: వద్దు. కానీ వెళ్లడం మాత్రం వెళ్లండి. అమెరికా బి-1 (వ్యాపార పని మీద వెళ్లేవాళ్ల విజిటర్ వీసా) మీద కస్టమర్లను కలవొచ్చు, కాంట్రాక్టు మాట్లాడుకోవచ్చు, ఎక్స్‌పోలకి వెళ్లొచ్చు, ఆఫీసు స్థలం చూసుకోవచ్చు, లాయర్‌ని, అకౌంటెంట్‌ని కలవొచ్చు. బ్రిటన్ విజిటర్‌గా మీటింగులకి వెళ్లి, బేరం కుదిరితే సంతకం కూడా చేయొచ్చు. అక్కడి కంపెనీ రోజువారీ పని చేయకూడదు, అక్కడ జీతం తీసుకోకూడదు. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఎందుకొచ్చారని అడిగితే ‘టూరిజం’ అనకండి, ‘కస్టమర్లతో మీటింగ్’ అని ఉన్నమాట చెప్పండి, వాళ్ల ఆహ్వాన లేఖ చేతిలో ఉంచుకోండి. ఆ ప్రయాణంలోనే ముగ్గురు కస్టమర్లనీ లెటర్‌హెడ్ మీద సంతకం అడగండి. ఎవరు పెడతారో, ఎవరు మాట దాటేస్తారో చూశాక ఏ దేశమో మీకే తేలిపోతుంది.